ఫ్లైట్ మైల్స్, సీటు అప్‌గ్రేడ్లు: మనలాంటి ఇళ్లకు ఇంకా పనికొస్తాయా?

ప్రతి ఏడూ మే నెల దగ్గర పడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలో ఎవరిదో ఎమ్మెస్ పూర్తయి గ్రాడ్యుయేషన్ ఉంటుంది, లేదంటే ఎవరి కూతురికో కాన్పు ఉంటుంది, ఇక్కడ జడ్చర్ల నుంచో దేవరకొండ నుంచో అమ్మానాన్నలు బయల్దేరాలి. టికెట్ రేటు విని కాసేపు తిట్టుకున్నాక అసలు ప్రశ్న వస్తుంది: "అన్నా, నువ్వు ఆఫీసు పని మీద ఎప్పుడూ తిరుగుతనే ఉంటవ్ కదా, ఆ మైల్స్ అంటరు చూడు, వాటితోని టికెట్ వస్తదా? పోనీ మా నాయినకు ముందు సీటన్నా ఇప్పియ్యొచ్చా?"

మైల్స్ అంటే విమానం ఎక్కినందుకు కంపెనీ మన ఖాతాలో వేసే పాయింట్లు, అవి కూడితే టికెట్టో పై తరగతి సీటో తీసుకోవచ్చు. ముందే చెప్పేస్తా. ఏడాదికోసారో రెండేళ్లకోసారో విమానం ఎక్కే ఇంటికి సిల్వరు, గోల్డు అంటూ స్టేటస్ (బాగా తిరిగేవాళ్లకు కంపెనీ ఇచ్చే హోదా) వెంట పడటం ఇప్పుడు దండగ. మైల్స్ వస్తాయి కదా అని టికెట్‌కి ఐదారు వేలు ఎక్కువ పెట్టడం ఇంకా దండగ. అలాగని ఆ మైల్స్ పథకంలో మెంబర్‌షిప్పే తీసుకోకుండా పెద్దవాళ్లను విమానం ఎక్కించడం ఉత్త బద్ధకం, ఎందుకంటే అది ఉచితం, ఫోన్లో పది నిమిషాల పని. అప్‌గ్రేడ్, అంటే ఎకానమీ టికెట్ మీద పై తరగతి సీటుకు మారడం, దాని సంగతి వేరు. దాన్ని డబ్బు పెట్టి కొనుక్కునే వస్తువు అనుకుంటే అప్పుడప్పుడూ మంచి బేరమే దొరుకుతుంది, ఎవరో బహుమతిగా ఇస్తారని కౌంటర్ ముందు నిలబడితే మాత్రం రాదు.

ఈ లెక్క ఎక్కడ మారిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అమెరికాలో 1978లో విమాన కంపెనీల మీద రేట్లు, రూట్ల నియంత్రణ ఎత్తేశారు. పోటీ మొదలైంది. ప్రయాణికుడు పక్క కంపెనీకి పోకుండా ఉండాలని 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్ పథకం తెచ్చింది, కొన్ని రోజుల్లోనే యునైటెడ్ కూడా తనది దింపింది. అప్పట్లో విమానాల్లో సీట్లు బాగానే ఖాళీగా పోయేవి, ఎలాగూ ఖాళీగా పోయే సీటును రోజూ తిరిగేవాడికి ఇస్తే కంపెనీకి అయ్యేది భోజనం ఖర్చు, కాస్త ఇంధనం, అంతే. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో పడేవి కాబట్టి చౌక టికెట్ కొన్నవాడికీ దాదాపు అంతే లాభం. ఇప్పుడు విమానాలు నిండుగా పోతున్నాయి. ఏ సీటు ఏ రోజు ఎంతకు అమ్ముడుపోతుందో కంప్యూటర్ ముందే అంచనా వేస్తుంది. ఇక ఫ్రీగా ఇవ్వడానికి మిగిలేదేముంది?

2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్, ముగ్గురూ దూరాన్ని బట్టి మైల్స్ ఇవ్వడం మానేసి పెట్టిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గరా అదే దారి. ఎయిర్ ఇండియా తన ఫ్లయింగ్ రిటర్న్స్ పథకాన్ని మహారాజా క్లబ్‌గా మార్చింది, అక్కడా రూపాయల లెక్కే. ఇండిగో చాలా ఏళ్లు ఈ గోలే మాకు వద్దంది, 2024లో అది కూడా బ్లూచిప్ అని తెచ్చింది. దీని అర్థం ఏమిటంటే, కంపెనీ డబ్బుతో రెండు రోజుల ముందు ఖరీదైన టికెట్ కొన్న కన్సల్టెంట్‌కీ, నాలుగు నెలల ముందు అతి చౌక టికెట్ వెతికి కొన్న మన పాలమూరు నాయినకీ ఒకే విమానం, ఒకే పదహారు గంటలు, కానీ ఖాతాలో పడేది మాత్రం ఒకరికి కుప్ప, ఇంకొకరికి చిల్లర.

స్టేటస్ సంగతి ఇంకా ఘోరం. డెల్టాలో 2024 నుంచి స్టేటస్ రావాలంటే ఖర్చు ఒక్కటే కొలమానం: సిల్వర్‌కు 5,000 డాలర్ల లెక్క, అన్నిటికన్నా పైదైన డైమండ్‌కు 28,000. మొదట ప్రకటించినప్పుడు డైమండ్‌కు 35,000 అన్నారు, జనం గోల చేస్తే కొంచెం దిగారు. ఆ దేశంలోనే వారం వారం తిరిగే ఉద్యోగులకు కష్టమైపోయిన మాట ఇది, ఇక సంవత్సరానికి ఒక్కసారి శంషాబాద్ ముఖం చూసే మనకెందుకు చెప్పండి.

నాకు కూడా ఒక కంపెనీలో గోల్డ్ ఉంది, అది నా ఆఫీసు పుణ్యం. ఉద్యోగం మారి ప్రయాణాలు తగ్గితే తర్వాతి ఏడాదికి ఆ కార్డు రంగు మారిపోతుంది. దాన్ని చూసి మా వాళ్లు "నీకేం, రాజువి" అంటుంటారు. లాంజ్‌లో ఉప్మా తిని చెకిన్ లైన్ తప్పించుకోవడం మంచిదే, కాదనను, కానీ నా సొంత డబ్బుతో అయితే నేను ఆ కార్డు కోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

అసలు ఈ పథకాలు ఎవరి కోసం నడుస్తున్నాయో కరోనా సమయంలో బయటపడింది. విమానాలన్నీ నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్ ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 2020లో 6.8 బిలియన్ డాలర్లు తెచ్చుకుంది, డెల్టా తన స్కైమైల్స్ మీద 9 బిలియన్లు, అమెరికన్ 2021లో 10 బిలియన్లు. విమానాలు ఎగరకపోయినా ఈ పాయింట్ల వ్యాపారానికి అంత విలువ ఎలా వచ్చింది? బ్యాంకులు కొంటాయి కాబట్టి. క్రెడిట్ కార్డు గీకినప్పుడు మనకు వచ్చే మైల్స్‌ను బ్యాంకు ముందుగా విమాన కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొనాలి. డెల్టాకు 2024లో ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచే 7 బిలియన్ డాలర్ల పైన వచ్చింది. అంటే ఇప్పుడు విమానం ఎక్కేవాడి కంటే కార్డు గీకేవాడే ముద్దు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం రాసేదీ షావుకారే, ఉప్పు పప్పు రేటు మార్చేదీ షావుకారే అయితే ఎలా ఉంటుందో మైల్స్ కూడా అలాగే: మీ ఖాతాలో అంకె మారదు, దానికి వచ్చే సీటు మాత్రం ఏటికేడు ఖరీదవుతుంది. ఫలానా దూరానికి ఇన్ని మైల్స్ అని ఒకప్పుడు పట్టిక ఉండేది. ఇప్పుడు పెద్ద కంపెనీలు చాలావరకు ఆ పట్టికలు ఎత్తేసి రోజుకో రేటు చూపిస్తున్నాయి. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద విమాన కంపెనీలను పిలిచి ఈ పాయింట్ల విలువ ఎందుకు తగ్గిస్తున్నారో చెప్పమని లెక్కలు అడిగింది కూడా.

మన కార్డుల సంగతి కూడా ఇంతే. యాక్సిస్ మ్యాగ్నస్ కార్డుతో నెలకు లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు ఇచ్చేవారు, దాన్ని నమ్ముకుని హైదరాబాద్‌లో ఎంతమంది ఇంటి అద్దె కూడా కార్డుతో కట్టారో లెక్కలేదు, 2023 సెప్టెంబరు నుంచి ఆ ఆఫర్ ఎత్తేశారు. బిల్లు మొత్తం నెల నెలా కట్టేవాళ్లయితే కార్డు పాయింట్లు తీసుకోండి, మంచిదే. మినిమమ్ డ్యూ కట్టి మిగతాది వచ్చే నెలకు తోసేవాళ్లయితే ఆ వడ్డీ ముందు మైల్స్ ఏమూలకూ రావు, దయచేసి ఆ జోలికి పోకండి.

ఇక అప్‌గ్రేడ్లు. మా బావ ఒకాయన ఎండాకాలంలో కూడా కోటు వేసుకుని శంషాబాద్ వస్తాడు, నీటుగా కనిపిస్తే బిజినెస్ క్లాసులో కూర్చోబెడతారని ఎవరో చెప్పారట. చెమటలు కక్కుకుంటూ వెనక 43వ వరుసకు పోవడమే తప్ప ఇప్పటిదాకా ఏమీ జరగలేదు. ఎకానమీలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి, అందరూ వచ్చేసినప్పుడు కొంతమందిని ముందుకు పంపే మాట నిజమే, కానీ ఆ లిస్టులో ముందు వరుసలో ఉండేది స్టేటస్ ఉన్నవాళ్లు, ఖరీదైన టికెట్ కొన్నవాళ్లు. కోటుకు అక్కడ కాలమ్ లేదు. అమెరికా లోపలి విమానాల్లో కూడా అదే తీరు: డెల్టా వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం 2010 ప్రాంతంలో ఫస్ట్ క్లాస్ సీట్లలో డబ్బు పెట్టి కొన్నవి పదింట ఒకటికి కాస్త ఎక్కువ, ఇప్పుడు ఎక్కువ భాగం అమ్ముడే పోతున్నాయి. మిగిలిన ఆ కాసిని సీట్ల కోసమే గోల్డులు, డైమండులు కొట్టుకుంటున్నారు.

అందుకే నేను చెప్పేది, అప్‌గ్రేడ్ కావాలంటే కొనండి, కానీ ఎక్కడ కొనాలో చూసి కొనండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు నాలుగు గంటలు, దుబాయ్ నుంచి డాలస్ దాదాపు పదహారు. మొదటి దానికి అప్‌గ్రేడ్ కొనడం అంటే భోజనం పెట్టి ప్లేట్లు తీసేలోపు దిగిపోవడమే. రేటు తక్కువ చూపిస్తుంది కాబట్టి జనం అక్కడే పడతారు. పెద్దవాళ్ల కాళ్లు వాచేది, నడుం పట్టేసేది రెండో దాంట్లో. డబ్బు ఉంటే అక్కడ పెట్టండి. పెట్టేముందు ఆ విమానంలో సీట్ల మ్యాప్ ఒక్కసారి చూడండి, ఎందుకంటే బిజినెస్ అన్న పేరు ఒక్కటే అయినా లోపల తేడాలుంటాయి. ఉదాహరణకు ఎమిరేట్స్ పాత 777 విమానాల్లో బిజినెస్ క్లాస్ 2-3-2 వరస, అంటే మధ్య సీటు కూడా ఉంటుంది. కొత్తగా మార్చిన వాటిలో 1-2-1.

అప్‌గ్రేడ్‌కి బిడ్డింగ్ అని ఒకటి మెయిల్‌లో వస్తుంది, "మీరే ధర చెప్పండి" అని. అక్కడ చూపించే ధర మామూలుగా ఒక మనిషికి, ఒక్క లెగ్‌కి, అంటే దారిలో ఎక్కే ఒక్క విమానానికి. ఇద్దరుంటే రెట్టింపు. ఒకసారి వాళ్లు ఒప్పుకుంటే కార్డు మీద డబ్బు పోయినట్టే, వెనక్కి రాదు. మైల్స్ పడేది మాత్రం మీరు మొదట కొన్న టికెట్ లెక్కనే. కనీస ధర కంటే కొంచెం పైన పెట్టి మర్చిపోవడం ఒక పద్ధతి, వస్తే వచ్చింది. ఇంకోటి, ఇండియాలో ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే, పై తరగతుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 కాస్తా 18 శాతం అయింది. తేడా లెక్కేసేటప్పుడు అది కూడా కలుపుకోండి.

కానీ పెద్దవాళ్లిద్దరూ కలిసి వెళ్తుంటే నా సలహా వేరే. ఒక్కరికే అప్‌గ్రేడ్ దొరికితే తీసుకోకండి. నాయిన ముందు పరుపు మీద పడుకుని అమ్మ వెనక ఇంగ్లిష్ రాక నీళ్లు అడగలేక కూర్చోవడం ఏ రకంగా సుఖం? మా చిన్నమ్మనే అడిగా, "గా సీటు నాకెందుకురా, మీ చిన్నాయిన పక్కన లేకుంటే నిద్రే పట్టదు" అంది. ఆ డబ్బులో పదో వంతు పెట్టి పక్కపక్కన రెండు సీట్లు, ఒకటి దారి వైపు, టాయిలెట్‌కి మరీ దూరం కాకుండా ముందే బుక్ చేస్తే వాళ్లకు అంతకన్నా కావలసింది లేదు. ఎగ్జిట్ రోలో కాళ్లు చాపుకోవచ్చని అది కొనిపెట్టకండి, అత్యవసరంలో తలుపు తీయగలిగినవాళ్లనే అక్కడ కూర్చోనిస్తారు, వీల్ చైర్ అడిగిన మనిషిని లేపి వేరే చోటికి పంపిస్తారు. గోడ ఎదురుగా ఉండే మొదటి వరుస బాగుంటుంది కానీ అక్కడ టేకాఫ్ అప్పుడు మందుల సంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు, పైన పెట్టాల్సిందే. ఇంకా డబ్బు మిగిలితే ఒకే స్టాప్ ఉన్న ఫ్లైట్‌కి, మధ్యలో మూడు నాలుగు గంటలకు మించని ఆగుడుకి పెట్టండి. హైదరాబాద్ నుంచి షికాగోకి ఎయిర్ ఇండియా 2021 జనవరిలో నేరుగా ఫ్లైట్ వేసింది, ఎక్కువ కాలం నిలవలేదు, కాబట్టి ఒక స్టాప్ తప్పదు.

స్టేటస్‌లో మన తెలుగువాళ్లకు నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉందంటే అది లగేజీ. సీటు గురించి మన ఇళ్లలో ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే సూట్‌కేసుల గురించి ఐదు రోజులు మాట్లాడుకుంటాం. సకినాలు, మామిడికాయ తొక్కు, పల్లి పొడి, కారప్పొడి, పచ్చజొన్నల పిండి, మనవరాలికి పట్టు లంగా, అన్నీ పెట్టి స్ప్రింగ్ కాటా పట్టుకుని ఇంటిల్లిపాదీ కుస్తీ. ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, యునైటెడ్ ఉండే స్టార్ అలయన్స్ అనే కూటమిలో గోల్డ్ ఉన్నవాళ్లకు బరువు లెక్క ఉన్న చోట 20 కిలోలు, బ్యాగుల లెక్క ఉన్న చోట ఒక బ్యాగు అదనం. ఎమిరేట్స్‌లో బరువు లెక్క ఉన్న రూట్లకు సిల్వర్‌కు 12 కిలోలు, గోల్డ్‌కు 16. అయితే ఈ సౌకర్యం ఆ కార్డు ఉన్న మనిషికే, ఆయన అత్తామామలకు కాదు. కొడుక్కి గోల్డ్ ఉంది కదా అని నాలుగో సూట్‌కేసు కట్టుకుని రాయికల్ టోల్ దాటి వచ్చి కౌంటర్‌లో వాదించినవాళ్లను నేను చూశాను.

మరి మెంబర్‌షిప్ వల్ల ఏమొస్తుంది? ఒక్కో ఖాతాలో చిల్లరే, కానీ ఇంట్లో అందరివీ కలిపితే పనికొస్తుంది. ఎమిరేట్స్‌లో మై ఫ్యామిలీ అని ఎనిమిది మంది దాకా ఒక ఖాతాలోకి కలపొచ్చు, కతార్, ఎతిహాద్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. అమ్మానాన్నలు రెండుసార్లు వెళ్లి రావడం, అక్కా బావా పిల్లలతో రావడం, అన్నీ ఒకే కుండలో పడితే ఎప్పుడో ఒక దేశీయ టికెట్టో, ఒక లెగ్ అప్‌గ్రేడో వస్తుంది. మైల్స్‌తో టికెట్ తీసుకునేటప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. మామూలు టికెట్ 60,000 అనుకుందాం. మైల్స్‌తో అయితే 50,000 మైల్స్, ఆపైన పన్నులు, సర్‌చార్జీలు 20,000 అనుకుందాం. అంటే 50,000 మైల్స్ మీకు మిగిల్చింది 40,000 రూపాయలు, మైలుకు 80 పైసలు. మైల్స్ టికెట్ అంటే పూర్తిగా ఫ్రీ అనుకునేవాళ్లు ఆ 20,000 చూసి "ఇదేం మోసం" అంటారు, మోసం కాదు, పన్నులు ఎప్పుడూ మనవే.

దాచుకోకండి. ఎమిరేట్స్ మైల్స్‌కు ఆయుష్షు మూడేళ్లు, మూడో ఏట మీ పుట్టిన నెల చివరికి పోతాయి. ఇక్కడ మన పెద్దవాళ్లతో ఒక తమాషా ఉంది: చాలామంది పాస్‌పోర్టులో పుట్టినరోజు జూన్ 1 అనో జులై 1 అనో ఉంటుంది, బడిలో వేసిన రోజు పంతులుగారు రాసింది. అసలు పుట్టింది సంక్రాంతి ముందైనా ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న తేదీయే ఇస్తాం కాబట్టి మైల్స్ పోయేది కూడా ఆ పంతులుగారి లెక్క ప్రకారమే. యునైటెడ్, డెల్టా మైల్స్‌కు గడువు లేదు. అందుకే అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా ప్రయాణాలను యునైటెడ్ ఖాతాలో వేయించుకోవడం తెలివైన పని, మూడూ ఒకే కూటమి కాబట్టి అది కుదురుతుంది. గడువు లేకపోయినా విలువ తగ్గుతుందన్నది మర్చిపోవద్దు. కంపెనీయే పోతే? కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయినప్పుడు కింగ్ క్లబ్ మైల్స్ ఎవరికీ పనికిరాకుండా పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది, దాని పాయింట్లు ఇంటర్‌మైల్స్ పేరుతో బతికాయి గానీ ఎక్కడానికి జెట్ విమానం లేదు.

మన దగ్గర మైల్స్ ఎక్కువగా పోయేది ఇవేవీ కాదు, పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది, ఏజెంట్ టికెట్ ఒక రకంగా కొడతాడు, కొడుకు అక్కడి నుంచి మెంబర్‌షిప్ ఇంకో రకంగా తెరుస్తాడు, రెండూ కలవవు, మైల్స్ పడవు. ఖాతా తెరిచేటప్పుడు టికెట్ మీద పేరు ఎలా ఉంటుందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. టౌన్లో ఏజెంట్ దగ్గర కొంటే ఆయన మెంబర్ నంబర్ వేయడు, అడిగితే "గవన్నీ ఎందుకు సార్" అంటాడు. పట్టుబట్టి వేయించండి, లేదా చెకిన్ కౌంటర్‌లో చెప్పండి. అదీ మర్చిపోతే ప్రయాణం అయ్యాక కూడా కంపెనీ సైట్లో క్లెయిమ్ చేసుకోవచ్చు, దానికి కొన్ని నెలల గడువు ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. అందుకు కావలసింది ఈ-టికెట్ నంబరు, 13 అంకెలు ఉంటుంది, ఎమిరేట్స్‌ది 176తో, కతార్‌ది 157తో, ఎయిర్ ఇండియాది 098తో మొదలవుతుంది. పెద్దవాళ్లు దిగగానే బోర్డింగ్ పాస్‌లు చింపి పారేయకముందే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టమనండి, క్లెయిమ్ పెట్టేది అక్కడ కోడలో ఇక్కడ నేనో చూసుకుంటాం.